నీలం నిప్పు

మల్లికార్జున్‌కు ఒక కన్ను పోయిందని, ఆ సంగతి అతనికి తప్ప ఎడపల్లి మొత్తానికి తెలుసునని పక్కింటి హన్మవ్వ నల్లా దగ్గర నలుగురిలో అన్నదట. ఆమెకు ఎవరు చెప్పారంటే ఆమె అక్క కొడుకు చెప్పాడట. వాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు, మొన్న గురువారం మునిమాపున బోధన్ రోడ్డు మీద చెరకు ట్రాక్టర్ నడుపుతున్నది వాడేనట, మల్లికార్జున్ ఫియట్ కారు వచ్చి వచ్చి ఆ ట్రాలీలోకి దూరబోయి జానెడు దూరంలో ఆగిందట. ఇదంతా గంగమణి పొద్దున్నే మొగుడి చేతికి చాయ గ్లాసు ఇస్తూ, తనకేమీ పట్టనట్టు, బియ్యంలో రాళ్లు ఏరుతున్నంత నిదానంగా చెప్పింది. మల్లికార్జున్ చాయ తాగాడు, "ట్రాలీకి ఎనుక లైటు లేనోడు నా కండ్ల ముచ్చట జెప్తడా" అన్నాడు, గ్లాసు కింద పెట్టాడు, అక్కడితో ఆ మాట మరచిపోయాడు. మరచిపోయాననుకున్నాడు. ఇప్పుడు ఏడు దాటి పావుగంటకు స్టీరింగు వెనుక కూర్చుని తాళం తిప్పితే, ఇంజను ఘుర్రుఘుర్రుమని తిరిగి తిరిగి అందుకోకుండా ఆగిపోతుంటే, ఆ ఘుర్రులోంచి హన్మవ్వ గొంతే వస్తున్నది. ఆమెకు గొంతు అనేది ఒకటి ఇచ్చి, దానికి తాళం ఇవ్వడం మరచిపోయాడు దేవుడు. ఆమె మొగుడు బతికినన్ని రోజులు పొలంలోనే పడుకున్నాడంటే చలికి భయపడకా, పాముకు భయపడకా.

తొమ్మిదిన్నరకు గేటు మూస్తారు. ఒక్క నిమిషం దాటినా లోపలికి రానివ్వరని హాల్‌టికెట్టు మీద లావు అక్షరాల్లో రాసి ఉంది. నిజామాబాద్‌కు అవతలి కొసన, బైపాస్ పక్కన ఏదో కాలేజీలో పరీక్ష. తమ్ముడు బాలన్న కూతురు వర్ష రెండేళ్లు కూర్చుని చదివిన ఉద్యోగ పరీక్ష, ఇది పోతే మళ్లీ ఎన్నేళ్లకు వేస్తారో వేసేవాళ్లకే తెలియదు. ఆ పిల్ల అరుగు మీద కూర్చుని ఉంది, ఒళ్లో గుడ్డ సంచి, సంచిలో హాల్‌టికెట్టు, నీళ్ల సీసా, రెండు పెన్నులు. రాత్రి అన్నం దగ్గర మూడుసార్లు అన్నది, "నేను ఎనిమిదింబావు బస్సుకు పోత పెద్దబాపు" అని. మూడుసార్లూ ఇతనే కొట్టిపారేశాడు. ఇంట్లో కారు పెట్టుకుని, బస్సులో ఎవడి చంకలోనో తల పెట్టి పరీక్షకు పోతదా మా పిల్ల. తమ్ముడిని అడిగితే "నీ ఇష్టమన్నా" అన్నాడు. వాడికి పుట్టినప్పటి నుంచి వచ్చిన మాట అదొక్కటే. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరకు తీసేసి సోయా వెయ్యరా అంటే నీ ఇష్టమన్నా, సోయా తీసేసి వరి వెయ్యరా అంటే నీ ఇష్టమన్నా. వాడి పొలానికి కూడా వాడికంటే ఎక్కువ అభిప్రాయాలుంటాయి. వాడి కడుపున ఈ పిల్ల ఎలా పుట్టిందో, ఈ పిల్ల పాపం ఎవరి పోలిక అంటే, చెప్పుకోకూడదు గానీ, తన పోలికే.

మళ్లీ తిప్పాడు. సెల్ఫ్ గట్టిగానే తిరుగుతున్నది, అంటే బ్యాటరీకి రోగం లేదు. ఈమాత్రం తెలియని రవీందర్ ప్రహరీ అవతల పళ్లు తోముకుంటూ నిలబడి, నోట్లో నురుగుతోనే "కాకా, బ్యాటరీ డౌనైనట్టున్నది" అన్నాడు. హన్మవ్వ కొడుకు. ప్లాట్లు అమ్ముతాడు. జొన్న చేనులో నాలుగు రాళ్లు పాతి దానికి నగర్ అని పేరు పెట్టి ఒక తెల్ల కారు కొన్నాడు. దానికి తాళం కూడా తిప్పనక్కర్లేదు, బొత్తాం నొక్కితే చాలు, లోపల ఏం జరిగిందో నొక్కినవాడికి తెలియనక్కర్లేదు. దసరాకు ఆ బండికి పూజ చేయిస్తూ బానెట్ ఎక్కడ తెరుచుకుంటుందో తెలియక పది నిమిషాలు బండి చుట్టూ తిరిగాడు, ఆఖరికి షోరూముకు ఫోన్ చేసి అడిగాడు, అందాకా అయ్యగారు వేలికి కుంకుమ అద్దుకుని వేలు అలాగే ఎత్తిపట్టి నిలబడ్డాడు. అలాంటివాడు బ్యాటరీ అంటున్నాడు. "బ్యాటరీ పోతే గిట్ల తిరుగుతదార" అన్నాడు మల్లికార్జున్ తల తిప్పకుండా. తిప్పితే ఎడమవైపు తిప్పాలి. ఎడమవైపు చూడటం ఈమధ్య అతనికి అంత ఇష్టం లేదు. అటు చూడదగింది మాత్రం ఏముంది, హన్మవ్వ ప్రహరీ, హన్మవ్వ కొడుకు.

చోక్ లాగి ఇంకోసారి. ఘుర్రు, ఘుర్రు, ఘుర్రు. మిల్లులో చెరకు అందక రోలర్లు ఉత్తగా తిరిగేటప్పుడు ఇదే చప్పుడు, కాకపోతే అది చెవిలో కాదు, ఛాతీలో వినపడేది. పెట్రోలు వాసన ముక్కుకు తగిలింది, దాని వెనుక నుంచి, ఎన్నేళ్లయినా పోని మడ్డి వాసన, చెరకు రసం ఉడికి ఉడికి మిగిలిన నల్ల మడ్డి వాసన, బోధన్ గాలిలో కలిసి ఉండేది, పెళ్లయిన కొత్తలో గంగమణి రెండు నెలలు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది, ఇప్పుడు ఆ వాసన లేదని ఆమే అంటుంది, ఏదో తక్కువైనట్టున్నది అని. ఇరవై ఎనిమిదేళ్లు ఫిట్టర్ మల్లికార్జున్. మిల్లు ఆగితే ఆఫీసు గదుల్లోంచి టైలు కట్టుకున్న ఇంజనీర్లు దిగేవాళ్లు, చేతిలో కాగితాలు, కాగితాల్లో గీతలు, గీతల్లో రోగం ఎక్కడా ఉండేది కాదు. ఒకసారి ఒక పోరడు, ఏదో పెద్ద కాలేజీలో చదివి వచ్చినవాడు, గేర్ బాక్సు మొత్తం విప్పించాడు. గేటు బయట చెరకు బండ్లు రెండు కిలోమీటర్లు నిలబడిపోయాయి, ఎడ్లు విప్పి రైతులు బండ్ల కిందే పడుకున్నారు. అప్పుడు ఆత్మారాం వచ్చాడు. సరిహద్దు అవతలి ఊరి మరాఠీ మనిషి, మేస్త్రీ, ఎనిమిదో తరగతి. ఏ యంత్రాన్నీ ముట్టుకోడు, ముందు బీడీ వెలిగించుకుంటాడు, చుట్టూ ఉన్నవాళ్లను చూసి ఒకే మాట అడుగుతాడు. "శేవట్చా హాత్ కుణాచా?" చివరి చెయ్యి ఎవరిది, అని. నిన్న నడిచింది ఇవాళ నడవడం లేదంటే నడుమ ఒక చెయ్యి పడి ఉంటుంది, ఆ చెయ్యి ఎవరిదో తెలిస్తే రోగం తెలిసినట్టే. చివరగా ముట్టుకున్నవాడు చెయ్యి ఎత్తాలి. ఎత్తినవాడికి శిక్ష లేదు, తిట్టు కూడా లేదు. దాచినవాడితో మాత్రం ఆత్మారాం ఆ సీజనంతా మాట్లాడడు. ఆ రోజు చెయ్యి ఎత్తింది ఒక హెల్పరు, రాత్రి షిఫ్టులో ఒక బోల్టు సగం బిగించి చాయకు పోయాడు. అయిదు నిమిషాల పని. టై కట్టుకున్న పోరడు ఆ గేర్ బాక్సు పక్కన నిలబడ్డ తీరు తలుచుకుంటే మల్లికార్జున్‌కు ఇప్పటికీ కడుపులో చల్లగా ఉంటుంది. ఈ కథ ఇంట్లో ఎన్నిసార్లు చెప్పాడో, అతను మొదలుపెడితే గంగమణి లేచి వంటింట్లోకి పోతుంది.

ఈ కారు ఒకప్పుడు ఫ్యాక్టరీ చీఫ్ కెమిస్టుది. ఆయన ఊరు విడిచిపోతూ, ఇది నీకు తప్ప ఎవరి మాటా వినదు మల్లికార్జున్ అని తాళం ఇచ్చిపోయాడు. నిజమే, ఎవరి మాటా వినదు. బోధన్‌లో మెకానిక్కులు అనుకునేవాళ్లు ఇప్పుడు బండికి ఫోను లాంటిది ఒకటి తగిలించి, అది ఏం చెబితే అదే రోగమంటారు, ఈ ఇంజను ముందు నిలబడితే ఫోను ఎక్కడ తగిలించాలా అని చూస్తారు. వీళ్లందరికంటే తొమ్మిదేళ్లప్పటి వర్ష నయం. ఎండాకాలం సెలవుల్లో స్టూలు ఎక్కి నిలబడి, ఇంజను పక్కనుండే డెల్కో డబ్బా మూత తాను విప్పుతానన్నది. గుండ్రటి మూత, రెండు క్లిప్పులు, లోపల బొటనవేలంత నల్లటి ముక్క. "దీన్ని రోటర్ అంటరు బిడ్డా. గిది తిరుక్కుంట నాలుగు ప్లగ్గులకు నిప్పు పంచుతది, బంతిల కూసున్నోళ్లకు వడ్డించినట్టు. గిది గిన తీసినమంటే పొద్దుమూకెదాక తాళం తిప్పినా ఒక్క ప్లగ్గుల రవ్వ రాదు." ఆ పిల్ల ముక్కను అరచేతిలో పెట్టుకుని తూకం చూసినట్టు చూసింది, ఇంత చిన్నదానికా అన్నది. నిజామాబాద్‌లో పెళ్లిళ్లకు పోయినప్పుడు బండి నిలిపి ఆ ముక్క తీసి జేబులో వేసుకునేవాడు, దొంగ తాళం విరగ్గొట్టొచ్చు, వైర్లు కలపొచ్చు, ఇది లేకుండా తోసుకుంటూ పోవాలి. ఇప్పుడు తీయడం మానేశాడు. ఇప్పటి దొంగలకు ఈ బండి నడపడం రాదు.

బానెట్ ఎత్తి నిలబడ్డాడు. డెల్కో జోలికి పోవలసిన పని లేదు, ఆదివారమే పాయింట్లు రుద్ది మూత తనే పెట్టాడు, తను మూసినదాన్ని తనే అనుమానించేంత దిగజారలేదు. ఒక ప్లగ్గు విప్పి, వైరుకు తగిలించి, ఇంజను ఒంటికి ఆనించి పట్టుకున్నాడు. తాళం తిప్పితే కొసన నిప్పు దూకాలి, నీలంగా దూకితే బలం ఉన్నట్టు, ఎర్రగా వస్తే నీరసం, రాకపోతే లేదు. "వర్షా, జర తాళం తిప్పు బిడ్డా." వర్ష వచ్చి, సంచి భుజానికి అలాగే ఉంచుకుని, కారులో కూర్చుని తిప్పింది. మల్లికార్జున్ వంగి చూశాడు. హన్మవ్వ ప్రహరీ మీద నుంచి పొద్దు సూటిగా ముఖం మీద పడుతున్నది. ప్లగ్గు ఉంది, ప్లగ్గు పక్కన ప్లగ్గు నీడ లాంటిది ఉంది, రెండింటి నడుమ పాల మీది మీగడ లాంటి తెలుపు ఉంది, ఆ తెలుపులో ఏదో మెరిసిందా, మెరిసింది ఇనుము మీది ఎండా, నిప్పా. కుడి కన్ను చికిలించాడు. ప్రహరీ అవతల హన్మవ్వ చేట చప్పుడు ఆగింది. వినడానికే ఆపింది. రవీందర్ పుక్కిలించడం కూడా ఆపాడు.

"వచ్చిందా పెద్దబాపు?"

"వచ్చింది."

"ఎట్లున్నది?"

"నీలమున్నది. మస్తుగ కొడ్తున్నది."

వర్ష కిటికీలోంచి తల బయటికి పెట్టి చూసింది. తర్వాత, "ఇంకోపారి తిప్పుత, మంచిగ చూడు" అన్నది.

"చూసిన గద. నిప్పు నాకు కొత్తనా."

వర్ష దిగి పోయి మళ్లీ అరుగు మీద కూర్చుంది, కూర్చుని అతని వైపే చూస్తున్నది. పరీక్ష బెంగ. ఆడపిల్లలకు పరీక్ష అంటే ముఖం తెల్లబడుతుంది. నిప్పు ఉన్నది గనుక ఇక రోగం పెట్రోలుదే కావాలి. ఉన్నదని నలుగురు వింటుండగా అన్నాడు గనుక ఉన్నది. పైపు లాగి నోటితో పీల్చాడు, నోటినిండా పెట్రోలు వచ్చింది, ఉమ్మాడు, వస్తూనే ఉంది గదా, అయితే కార్బొరేటర్‌లో నలుసు పడి ఉండాలి, విప్పాడు, ఊదాడు. ఈ పనులన్నీ అతని వేళ్లకు తెలుసు, కళ్లతో పని లేదు, కళ్లతో పని చేసేది కాగితాలవాళ్లు. అయినా మూడో స్క్రూ కిందపడింది, ఎడమవైపు పడింది, చేతితో తడిమి తడిమి వెతికాడు, రవీందర్ గోడ మీద నుంచే "నీ చెప్పు కాడ్నే ఉన్నది కాకా" అన్నాడు. దొరికేదే, వాడు చెప్పకపోయినా దొరికేదే. లైసెన్సు రెన్యువల్‌కు కంటి పరీక్ష అన్నప్పుడు మాత్రం ఏమైంది, బోర్డు ముందు కూర్చోబెట్టి చదవమంటే గడగడ చదివాడు, తన ముందు కూర్చున్న ముసలాయన చదువుతుంటే వరుస విని పట్టుకున్నాడు, ఆ సర్టిఫికెట్ రాసినవాడు తల కూడా ఎత్తలేదు, తల ఎత్తనివాడు ఒకరి చూపు తేలుస్తాడట. అది మోసం కాదు, తెలివి. చూపు తక్కువైనవాడికి అంత తెలివి ఉంటుందా.

గంగమణి చెంబుతో నీళ్లు తెచ్చింది. "నోరు పుక్కిలించు. పిల్లను బస్సెక్కియ్యి. దాని బతుకు నీ బండి కాడ ఆగిందా" అన్నది. పుక్కిలించాడు, మళ్లీ బానెట్ కిందికి వంగాడు. ఆడది బండి గురించి మాట్లాడితే వినకూడదని కాదు, విన్నట్టు కనపడకూడదు. నీళ్లలో కూడా పెట్రోలు రుచి. గురువారం కూడా నోరు ఇలాగే చేదుగా అయింది. మునిమాపు, పొద్దు పూర్తిగా పోలేదు, బోధన్ నుంచి వస్తున్నాడు, వర్ష పక్కన కూర్చుని హాల్‌టికెట్టు జిరాక్సు చూసుకుంటున్నది. రోడ్డు ఖాళీ. తుమ్మచెట్ల నీడలు రోడ్డుకు అడ్డం పడి ఉన్నాయి, ఒక నీడ, ఇంకో నీడ, ఇంకో నీడ, ఆ మూడో నీడ కదులుతున్నది, కదిలే నీడ ఏమిటా అనుకునేలోపు వర్ష చెయ్యి స్టీరింగు మీద పడింది, చెరకు ఆకులు అద్దాన్ని చరచరా గీరాయి. ట్రాలీ. లైటు లేదు. లైటు లేని మాట నిజం, ఎవరినైనా అడగండి. లైటు లేకపోయినా అంత పొద్దు ఉండగా ట్రాలీ కనపడాలి కదా అని మాత్రం ఎవరూ అడగొద్దు. ఇంటికి వచ్చి దిగాక వర్ష అద్దంలో ఇరుక్కున్న ఆకు తీసి పారేసింది. మంచి పిల్ల, ఎవరికీ చెప్పలేదు. నిన్న రాత్రి మూడుసార్లు బస్సు బస్సు అన్నది, అంతే.

ఎనిమిది దాటింది. కార్బొరేటర్ బిగించి తిప్పాడు, ఘుర్రు, ఘుర్రు. బ్యాటరీ కూడా అలిసిపోయి గొంతు దిగుతున్నది. రవీందర్ అంగీ తొడుక్కుని ప్రహరీ ఇటువైపు వచ్చాడు, వెనుకే హన్మవ్వ, చేట చంకలో పెట్టుకుని. "కాకా, నా బండి తీస్త. పావుతక్కువ తొమ్మిదికల్ల గేటు కాడ దించుత" అన్నాడు. ఎంత మర్యాదగా అన్నాడో, ఆ మర్యాదలో ఎంత సంబరం ఉందో. బొత్తాం నొక్కేవాడి బండిలో తన పిల్ల, ఆ ముచ్చట మళ్లీ నల్లా దగ్గర నెల రోజులు. "నీ బండి వద్దు, నువ్వొద్దు. అయిదు నిమిషాలు. రోగం దొరికింది" అన్నాడు. దొరకలేదు. చూడవలసినవన్నీ చూశాడు, చూడనిది ఒక్కటే, తను మూసిన మూత. ఆత్మారాం బీడీ పొగ ఎక్కడి నుంచో ముక్కుకు తగిలింది. ఆదివారం తర్వాత ఈ ఇంజనును ముట్టుకున్నవాడు లేడు. చివరి చెయ్యి తనదే అయితే తప్పు కూడా తనదే, ఇన్నేళ్లలో తను బిగించింది ఒక్కటీ వదులు కాలేదు, వదులైతే ఆ సంగతి ఈ తల్లీకొడుకుల ఎదుటనే బయటపడాలా. వేళ్లు డెల్కో మీదికి పోయాయి. ఒక క్లిప్పు తీశాడు. రెండో క్లిప్పు తీయనక్కర్లేదు, అది పెట్టి లేదు.

మూత ఎత్తి వేలు లోపల పెట్టాడు. వేలికి నడిమి కడ్డీ తగిలింది, కడ్డీ మీద ఏమీ లేదు. ఇంకోసారి తడిమాడు. రోటర్ లేదు. అరిగిపోలేదు, విరిగిపోలేదు, తీశారు. క్షణంపాటు మల్లికార్జున్‌కు ఒళ్లంతా తేలికైంది, తప్పు తనది కాదు, తను బిగించింది వదులు కాలేదు, ఎవడో చెయ్యి పెట్టాడు. ఈ ఊళ్లో రోటర్ అనేది ఒకటుందని తెలిసిన చెయ్యి ఏది. మూత పట్టుకునే అందరి వైపు తిరిగాడు, రవీందర్, హన్మవ్వ, గంగమణి, వెనుక ఎప్పుడొచ్చాడో తమ్ముడు, ఎప్పటిలాగే చేతులు కట్టుకుని. వీళ్లలో ఎవరికుంది అంత బుర్ర. నిటారుగా నిలబడి, మేస్త్రీ అడిగినట్టే, గొంతు పెంచకుండా అడిగాడు.

"చివరి చెయ్యి ఎవలది?"

రోడ్డు మీద, మలుపు అవతల, బస్సు హారన్ వినపడింది. వర్ష అరుగు మీది నుంచి లేచింది. మిల్లులో ఎత్తినట్టే కుడిచెయ్యి ఎత్తింది, దించకుండానే ఎడమచెయ్యి సంచిలో పెట్టి నల్లటి ముక్కను తీసి, నడిచి వచ్చి, అతనికి కుడివైపున, బాగా కనపడేచోట బానెట్ అంచు మీద పెట్టింది.

"నాది. రాత్రే తీసిన పెద్దబాపు" అన్నది. సంచి భుజం మీద సర్దుకుంది. "ఇది నా సంచిల ఉండంగ, ప్లగ్గుల నీలం నిప్పు నీకెట్ల కనవడ్డది?"